బుర్ఖా కనిపించింది, మెడ కనిపించలేదు

"ఆమెకు తెలుగు వస్తదా?" అని అడిగాడు డాక్టరు. అడిగింది మా అమ్మీని కాదు, పక్కన నిలబడ్డ నన్ను.

మా అమ్మీ నెల్లుట్లలో పుట్టింది. లింగాల ఘనపూర్‌కు కోడలై వచ్చింది. రెండూ ఒకే మండలం. 2016 అక్టోబర్ దాకా మాది వరంగల్ జిల్లా, ఆ తర్వాత జనగామ జిల్లా. జిల్లా మారింది గానీ అమ్మీ మారలేదు. అరవై ఏళ్లు ఈ మట్టిలోనే బతికింది. నాట్లేసే ఆడవాళ్లతో కలిసి పాట అందుకున్నది. బతుకమ్మ పండుగకు తంగేడు పువ్వు తెంపుకొచ్చి పక్కింటి వాళ్ల వాకిట్లో పోసింది. అబ్బా మటన్ దుకాణం ముందు తూకం మీద పేచీ పెట్టిన ప్రతివాడితో తెలుగులోనే కొట్లాడింది. అట్లాంటి మనిషి నల్ల బుర్ఖా వేసుకుని దవాఖానా బల్ల మీద కూర్చోగానే ఆమె భాష పోయింది, ఊరు పోయింది, నోరు పోయింది. మిగిలింది బుర్ఖా ఒక్కటే.

వస్తదని చెప్పాను. అయినా ఆయన నన్నే అడిగాడు. నిద్ర పడుతున్నదా, కడుపు సాఫీగా అవుతున్నదా, ఎప్పటినుంచి ఈ నీరసం? నాకేం తెలుసు? మగపిల్లగాన్ని, బయట తిరిగేవాన్ని. తెలియదంటే చిన్నతనమని ఊహించి చెప్పాను. ఆయన రాసుకున్నాడు. రోగం ఆమెది, జవాబు నాది, మందు మళ్లీ ఆమెకు.

ఇది 2019 చివర. ఇక్కడినుంచి అమ్మీ నెత్తురు సరైన పరీక్షకు పోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్ల లెక్క అడగడానికే ఈ నాలుగు మాటలు. ఈ లెక్క డాక్టర్లను అడుగుతున్నాను, సర్కారును అడుగుతున్నాను, లౌకిక మిత్రులను అడుగుతున్నాను. అందరికన్నా ముందు మా ఇంటిని, మా జమాత్‌ను, నన్ను నేను అడుగుతున్నాను.

అమ్మీకి ఏమైంది? మే నెలలో జనగామ ఎండకు బండలు పగులుతుంటే ఆమె బొంత కప్పుకుని కూర్చునేది. చలి అనేది. తిండి సగమైనా ఒళ్లు పెరిగింది. మొఖం ఉబ్బింది. వాడకట్టు ఆడవాళ్లు "మంచిగ ఒళ్లు చేసినవ్ అక్కా" అని సంతోషపడ్డారు. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. చర్మం ఎండిన చెరువు లెక్క. గొంతు బొంగురుపోయి ఫోన్లో మాట్లాడితే ఎవరో మగమనిషి అనుకునేవాళ్లు. అన్నింటికన్నా ఆమెను భయపెట్టింది మతిమరుపు. నమాజులో నిలబడి ఎన్ని రకాతులు అయినయో మరిచిపోయేది. మళ్లీ మొదలుపెట్టేది. మళ్లీ మరిచిపోయేది. ముసల్లా మీదనే కూర్చుని ఏడ్చేది. అల్లా తన నమాజు కబూల్ చేస్తలేడని, ఏదో గునా చేసిన అని అనుకునేది.

ఇవన్నీ ఒక్క గ్రంథి చేసిన పని. మెడ ముందు భాగంలో, గొంతు గొట్టానికి అటూ ఇటూ రెక్కలు చాపుకున్న సీతాకోకచిలుక లెక్క ఉంటుంది థైరాయిడ్. ఒంట్లో ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో అది ఊరించే రసం చెప్తుంది. ఆ రసం తగ్గితే గుండె మెల్లగా కొట్టుకుంటుంది, పేగు మెల్లగా కదులుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, తెలివి మందగిస్తుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. వేళ్లతో మెడ తడిమి మింగమని చెప్పి చూడాలి. చేతినుంచి కొంచెం రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడాలి, అది తేడాగా ఉంటే టీ4 చూడాలి. అంతే.

ఆ అంతే మా అమ్మీ దాకా ఎందుకు రాలేదు?

మొదట ఊళ్లె ఆర్‌ఎంపీ. ఆయన బలం బాటిల్ ఎక్కించాడు. నెలకొకటి. ఆయన్ని తిట్టను. రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. తర్వాత పట్నంలో ఒక దవాఖానా. రక్తపరీక్షలు రాశారు, కొలెస్ట్రాల్ బాగా పెరిగింది. డాక్టరు కాగితం మీద పేరు చూశాడు, బుర్ఖా చూశాడు, తీర్పు చెప్పాడు: "మీ వాళ్లు బిర్యానీలు, గొడ్డు మాంసం తగ్గించాలె."

అమ్మీ ఏం తినేదో ఆయనకు తెలుసా? పొద్దున చాయ్‌లో ముంచుకున్న రొట్టె. మధ్యాహ్నం తొక్కుతో అన్నం. దుకాణంలో మిగిలిన తునకలు వండినా అవి మగవాళ్ల పళ్లెంలోకి, పిల్లల పళ్లెంలోకి పోయి ఆమెకు సేర్వా మిగిలేది. మటన్ కొట్టేవాని పెండ్లాం నెలకు ఎన్ని తునకలు తింటదో ఏ కమిషనూ లెక్కతీయలేదు. థైరాయిడ్ పనిచేయకపోతే కొలెస్ట్రాల్ పెరుగుతుందని వైద్యం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. కొలెస్ట్రాల్ అంతగా పెరిగి, మనిషి ఉబ్బి, చలికి వణుకుతుంటే థైరాయిడ్ చూడాలని ఆయనకూ తెలిసే ఉంటుంది. మరి ఎందుకు చూడలేదు? జవాబు అప్పటికే ఆయన దగ్గర ఉన్నది కాబట్టి. మా పేరే జవాబు. పేరు చూడగానే రోగానికి కారణం దొరికిపోయింది. ఇక మెడతో పనేముంది?

వివక్ష అంటే వాకిట్లోనే ఆపేయడం అనుకుంటాం. ఆయన ఆపలేదు. కూర్చోబెట్టాడు, ఫీజు తీసుకున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. అయినా ఆమెను చూడలేదు. మర్యాదగా చూడకపోవడం కూడా వివక్షే. దీనికి కేసు ఉండదు, సాక్ష్యం ఉండదు.

ఆ తర్వాత 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీల్లో మోగింది. ఊళ్లల్లో మావాళ్ల కూరగాయల బండ్లను వెనక్కి పంపారు. ఆ రోజుల్లోనే అమ్మీకి కాళ్లు ఉబ్బి ఊపిరి బరువైతే బతిమిలాడి బండి మాట్లాడి తీసుకుపోయాను. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్ల ఎవరన్న ఢిల్లీ పోయొచ్చిండ్రా?" రెండో ప్రశ్న కూడా అదే. మూడో ప్రశ్న దాకా పోలేదు. వాకిట్లోనుంచే మాత్రలు రాసిచ్చి పంపారు. అమ్మీ ఉబ్బిన కాళ్లు ఈడ్చుకుంటూ బండి ఎక్కుతూ అన్నది: "ఢిల్లీ యాడుంటదో నాకు తెల్వది బేటా. నేను జీడికల్ జాతరే ఒక్కసారి చూసిన."

ఇంతవరకు చదివి కొందరు తలూపుతారని నాకు తెలుసు. నిజమే, వాళ్లట్లనే చేస్తరు అని. ఆగండి. ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం.

అమ్మీకి నజర్ తగిలిందని అబ్బా ఒక హజ్రత్ దగ్గరికి పోయాడు. తావీజు తెచ్చాడు. తానే స్వయంగా ఆమె మెడకు కట్టబోయాడు. దారం చాలలేదు. మునుపు తావీజులన్నీ ఆ కొలతతోనే కట్టినవి. ఈసారి చాలలేదు. అబ్బా ఏం చేశాడు? ఇంకో జానెడు దారం తెచ్చి ముడివేశాడు. మెడ ఎందుకు లావైందని అబ్బా అడగలేదు. దీపం పట్టుకుని నిలబడ్డ నేనూ అడగలేదు. రోజూ వందల గొర్రెల మెడలు చూసిన చేతులవి. ఏ గొర్రెకు గడ్డ ఉన్నదో, ఏది సుస్తీగా ఉన్నదో సంతలో నిలబడి చెప్పగల మనిషి. తన పెండ్లాం మెడ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. డాక్టరుకు బుర్ఖా అడ్డమొచ్చిందంటాం. మాకు ఏం అడ్డమొచ్చింది?

చెప్తాను. ఆమె పని అడ్డమొచ్చింది. ఎంత చలి పుట్టినా ఫజర్‌కు లేచి పొయ్యి ముట్టిస్తున్నది గదా, ఇంకేం రోగం? "అచ్ఛీచ్ హూఁ బేటా" అని ఆమె అంటే నమ్మడం మాకు సుఖంగా ఉండింది. నమ్మితే బండి మాట్లాడే పని లేదు, దుకాణం మూసే పని లేదు, డబ్బు తీసే పని లేదు. నేను ఆ రోజుల్లో సభల్లో మాట్లాడుతున్నాను. 1992 డిసెంబర్ 6 గురించి, 2002 గుజరాత్ గురించి, సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక గురించి. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో దవాఖానాలు లేవని ఆ నివేదికలో ఉన్నమాట గొంతు చించుకుని చెప్పాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికొచ్చి అమ్మీ పెట్టిన అన్నం తిని పడుకున్నాను. ఆమె గొంతు ఎందుకు బొంగురుపోయిందో అడగలేదు. ఇది ఒప్పుకోకుండా నేను ఏ డాక్టరునూ అడగలేను.

కనిపెట్టింది ఎవరు? మా ఆపా. 2021లో ఇంటికొచ్చి అమ్మీ తలకు నూనె పెడుతుంటే ఆమె చేతికి తగిలింది. "అమ్మీ, నీ మెడల ఇదేంది?" అన్నది. తర్వాత నావైపు తిరిగి అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. "నేను కడుపుతోని ఉన్నప్పుడు నాకు థైరాయిడ్ పరీక్ష చేసిండ్రు. అమ్మీకి ఎందుకు చేయలే?"

ఎందుకంటే అమ్మీ కడుపు పండే వయసు దాటింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడే ఆడదాని నెత్తురుకు విలువ. బిడ్డ కోసం ఆమెను పరీక్షిస్తారు, ఆమె కోసం కాదు. ఊళ్లల్లో ముప్పై దాటినవాళ్లకు సర్కారు చేసే పరీక్షల్లో బీపీ ఉన్నది, షుగర్ ఉన్నది, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. మంచిదే. థైరాయిడ్ లేదు. హైదరాబాద్ సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2013లో అచ్చయింది. పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉన్నదని అది తేల్చింది. ఆడవాళ్లకు మగవాళ్లకన్నా చాలా ఎక్కువ. అవి నగరాల లెక్కలు. లింగాల ఘనపూర్ మెడలు ఎవరు లెక్కపెట్టారు?

పరీక్ష మాత్రం దూరంగా ఏమీ లేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలైంది, 2021లో జిల్లాలకు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీస్తే నమూనా జిల్లా కేంద్రానికి పోతుంది. పైసా ఖర్చు లేదు. థైరాయిడ్ పరీక్ష అందులో ఉన్నది. ఆపా అమ్మీని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అడిగి చేయించింది. అడిగి! ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఫలితం వచ్చింది. టీఎస్‌హెచ్ మామూలుగా నాలుగైదు లోపల ఉండాలి. అమ్మీకి 68.

మనం శాతాల కోసం కొట్లాడినవాళ్లం. 2007లో వచ్చిన నాలుగు శాతం, 2017 ఏప్రిల్‌లో శాసనసభ పాస్ చేసి పంపితే ఢిల్లీలో ఆగిన పన్నెండు శాతం. ఆ అంకెలు మనకు నోటికి వచ్చు. ఈ 68 కూడా రాజకీయమైన అంకే. రెండేళ్లుగా ఎవరెవరు చూడకుండా పోయారో ఆ అంకెలో ఉన్నది.

ఇప్పుడు ఒక పాత సంగతి. 1891లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు అమ్మీ లాంటి రోగమే ఉన్న 46 ఏళ్ల ఆడమనిషికి గొర్రె థైరాయిడ్ గ్రంథి రసం ఎక్కించాడు. చావుకు దగ్గరైన మనిషి లేచి తిరిగింది. ఇంకో 28 ఏళ్లు బతికింది. ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడారు. 1927లో ఆ రసాన్ని ప్రయోగశాలలోనే తయారుచేయడం నేర్చుకున్నారు. ఇప్పుడు దొరికే లెవోథైరాక్సిన్ మాత్రలోని మందు అట్లా తయారైనదే, జంతువునుంచి తీసింది కాదు. హలాలా హరామా అని మావాళ్లు కొందరు అడుగుతారు కాబట్టి ఇది చెప్తున్నాను. దేశపు అత్యవసర మందుల జాబితాలో అది ఉన్నది. రోజుకు ఒకటి రెండు రూపాయల మాత్ర.

గొర్రె మెడలోని ఆ గ్రంథిని అబ్బా ముప్పై ఏళ్లు కత్తితో గీకి కుక్కలకు వేశాడు. న్యూకాజిల్‌లో ఒక ఆడమనిషికి 28 ఏళ్లు ఇచ్చిన వస్తువు అది. దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు, మేం ఎవరినీ అడగలేదు.

మందు మొదలైంది గదా, కథ ముగిసిందనుకున్నారా? సరైన పరీక్ష ఎంత ముఖ్యమో సరైన వైద్యం అంతే ముఖ్యం. పెద్ద వయసు, గుండె చూసుకోవాలని 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. అది సరైన పద్ధతే. కానీ ఆ మాత్రను ఖాళీ కడుపుతో నీళ్లతో వేసుకుని అరగంట, గంట దాకా చాయ్ కూడా తాగొద్దని ఎవరూ విడమరిచి చెప్పలేదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలని చెప్పలేదు. అమ్మీ అన్నీ ఒక్క గుప్పిట్లో పోసుకుని చాయ్‌తో మింగింది. ఆరువారాలకు మళ్లీ పరీక్ష చేస్తే అంకె పెద్దగా దిగలేదు. అది తెలిసి సరిచేసి 50కి పెంచేసరికి దిగడం మొదలైంది. అమ్మీ బొంత మడిచిపెట్టింది.

అప్పుడు 2022 ఏప్రిల్‌లో రంజాన్ వచ్చింది. చీటీ మీద ఏం రాసి ఉన్నది? "ఉదయం పరగడుపున." రోజా ఉన్న మనిషికి ఉదయం ఎక్కడిది? గుటకెడు నీళ్లు తాగినా రోజా పోతుంది. అమ్మీ ఎవరినీ అడగకుండా మాత్రల డబ్బా అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఈద్ దాకా ముప్పై రోజులు. ఈద్ నాటికి మళ్లీ మొఖం ఉబ్బింది, మళ్లీ రకాతులు మరిచిపోయింది. దవాఖానాలో తిట్టారు. "మీ వాళ్లు చెప్తే వినరు. మతం ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

చెప్తే గదా వినడానికి! ఇది మతానికీ మందుకూ జరిగిన కొట్లాట కానే కాదు. ఇఫ్తార్ భోజనం అయిన మూడు గంటల తర్వాత, తరావీహ్ నమాజు ముగిశాక పడుకునేముందు ఆ మాత్ర వేసుకోవచ్చు. లేదా సహెరీకి లేవగానే వేసుకుని అరగంట, గంట ఆగి తినొచ్చు. ఏదో ఒక వేళ డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకుంటే చాలు. తర్వాతి ఏడు అమ్మీ అట్లనే చేసింది, ఒక్క రోజా పోలేదు, ఒక్క మాత్ర పోలేదు. మాకు కావలసింది ఒక్క వాక్యం. ఆ వాక్యం చీటీ మీద ఎందుకు లేదంటే, చీటీ రాసేటప్పుడు ఎదురుగా ఉన్నది రోజా ఉండే మనిషి అని ఆ చెయ్యికి తట్టలేదు. మా మాంసం మాత్రం తట్టింది, మా రోజా తట్టలేదు. ఇక మా మౌలానాల సంగతి. జబ్బుపడ్డవాళ్లకు రోజా విషయంలో వెసులుబాటు ఖురాన్‌లోనే ఉన్నది. రంజాన్ ముందు జుమ్మా బయాన్‌లో ఆ సంగతి, ఈ మందుల వేళల సంగతి మైకులో చెప్తే ఎవరి ఈమాన్ తగ్గుతుంది?

మా ఊరికి దగ్గర్లోనే కామారెడ్డిగూడెం ఉన్నది. షేక్ బందగీ ఊరు. 1940 ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి ఎదురు నిలిచి, తన భూమి కోసం కాగితాలు పట్టుకుని కోర్టులో ఏళ్లకేళ్లు కొట్లాడి గెలిచి, అందుకే హత్యకు గురైన పేద ముస్లిం. 'మా భూమి' నాటకానికి ప్రేరణ. ఆయన సమాధి దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. వామపక్ష మిత్రులు ప్రతి ఏడూ దండలు వేస్తారు. మిత్రులారా, వేయండి, మేమూ వస్తాం. కానీ మీ వేదికల మీద ముస్లిం అంటే ఒక అమరుడు. ముస్లిం ఆడది అంటే బుర్ఖా మీద ఒక చర్చ, తలాక్ మీద ఒక తీర్మానం. బుర్ఖా ఉండాలని ఒకరు, పోవాలని ఒకరు. దాని లోపల ఒక మెడ ఉన్నదని, ఆ మెడలో ఒక గడ్డ పెరుగుతున్నదని ఏ పక్షం వాళ్లూ చూడలేదు. బుర్ఖా వేసేవాళ్లకూ తీసేవాళ్లకూ ఈ ఒక్క విషయంలో ఐక్యత ఉన్నది.

ఆ తర్వాత ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆమె నన్ను బయట కూర్చోమన్నది. అమ్మీ దగ్గరికి పోయి "అమ్మా, మెడ చూడాలె, కొంచెం తీస్తరా?" అన్నదట. అమ్మీ తీసింది. అర నిమిషం పట్టిందట. బయటికొచ్చాక నేను అడిగాను, మరి ఇన్నేళ్లు మగ డాక్టర్ల దగ్గర ఎందుకు తీయలేదని. అమ్మీ నన్ను వింతగా చూసింది. "ఎవరన్న అడిగిండ్రా? అడిగితే తీద్దును గద బేటా."

అడగలేదు. అందరం ఆమె తరఫున కాదనుకున్నాం. డాక్టరు ఆమె పరదాను గౌరవించాననుకున్నాడు, అబ్బా ఆమె సహనాన్ని మెచ్చుకున్నాడు, నేను ఆమె మీద కవిత్వం రాశాను. ఆమెను అడిగినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ ఆడవాళ్లు.

అస్తిత్వం, అస్తిత్వం అని ఇన్నేళ్లు రాస్తున్నాం. మన పేరు మనకు కావాలన్నాం, మన భాష కావాలన్నాం, వాటా కావాలన్నాం. ఆ పేరు మోసే ఒళ్లు కూడా అస్తిత్వమే. పరీక్ష అడగడం ఉద్యమమే. చలి, ఉబ్బు, మతిమరుపు, బొంగురు గొంతు ఉన్న ఏ తల్లికైనా, కడుపు పండే వయసు దాటిన తల్లికైనా, ఆరోగ్య కేంద్రంలో టీఎస్‌హెచ్ చేయమని గట్టిగా అడుగుదాం. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ చేయించుదాం. తక్కువైతే రోగం మిగులుతుంది, ఎక్కువైతే గుండె దడ, ఎముకల నష్టం. రంజాన్ వేళలు చీటీ మీద రాయమని అడుగుదాం. ఆమెకు తెలుగు వస్తదా అని ఎవరైనా అడిగితే, ఆమెనే అడగమని చెప్పి మనం బయట కూర్చుందాం.

ఇది చదివిన అన్నలారా, తమ్ములారా, ఈ రాత్రి ఇంటికి పోయినప్పుడు మీ అమ్మీకి ఒక గ్లాసు నీళ్లు మీరే ఇవ్వండి. తాగుతుంటే ఆమె మెడ చూడండి. మింగినప్పుడు గడ్డ ఏదన్నా పైకి లేస్తున్నదా చూడండి. లేకపోయినా రోగం లేదని కాదు, ఆ సంగతి నెత్తురు చెప్పాలి. కానీ ముందు చూడండి. మన తల్లి మెడను మనం చివరిసారి ఎప్పుడు చూశాం?